మాటల బుడగకు చేతిరాత కావాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో వచ్చిన బొమ్మల కథ చూశాను. బొమ్మలు ప్రాణమున్నట్టే ఉన్నాయి. కానీ కోతిపిల్ల పక్కన బుడగలో ఉన్నవి వార్తలకు వాడే అచ్చక్షరాలు. కొమ్మ మీద గంతులేసే పిల్ల గొంతు వాటిలో నాకు వినపడలేదు.

11 ఏళ్లుగా పిల్లల బొమ్మల కథలు గీస్తున్నాను కాబట్టి ఈ ఇబ్బంది నాకు బాగా తెలుసు. మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొన్నార్ 1994లో కామిక్ సాన్స్ అనే చేతిరాతలాంటి ఇంగ్లిష్ ఫాంటు గీయడానికి కారణం కూడా ఇదే. ఒక కార్టూన్ కుక్క టైమ్స్ న్యూ రోమన్ అనే అచ్చక్షరాల్లో మాట్లాడటం ఆయనకు నచ్చలేదు. తెలుగులో చేతిరాత అనగానే మనకు బాపు గారి రాత గుర్తొస్తుంది. అది గొప్ప చిత్రకారుడి గీత. నాకు కావలసింది చీటీ మీద గబగబా రాసే మామూలు రాత. అందుకే రెండేళ్లుగా నా రాతనే ఫాంటుగా చేస్తున్నాను, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా.

మొదట అ నుంచి ఱ వరకు ఒక్కో అక్షరం విడిగా రాశాను. అన్నీ చూచిరాత పుస్తకంలోలా బిగుసుకుపోయాయి. వాక్యాలు రాసి, వాటిలోంచి అక్షరాలు ఏరుకున్నాక గానీ చెయ్యి వదులు కాలేదు. మన అక్షరాలు ఒకదాన్నొకటి అంటుకోవు. కాబట్టి రాతలోని చనువంతా తలకట్టు వంపులో, సుడి విప్పిన తీరులో, వరుస మీద అక్షరం కాస్త పైకీ కిందికీ ఊగడంలో ఉంటుంది. ఆ ఊపు ఎక్కువైతే పిల్లలు చదవలేరు. నేను తొందరలో రాసే 'వు' అచ్చం 'మ'లా ఉంటుంది, అక్కడ నా రాతను దిద్దుకున్నాను.

బొమ్మల కథల నిండా టపటప, గలగల, దబదబ లాంటి మాటలే. చేత్తో రాస్తే 'టపటప'లో రెండో ట మొదటిదానిలా రాదు. ఫాంటులో రెండూ అచ్చుగుద్దినట్టు దిగుతాయి, చేతిరాత కాదని అక్కడే తెలిసిపోతుంది. అందుకే తరచూ వచ్చే అక్షరాలకు రెండు మూడు రూపాలు గీసి, పక్క అక్షరాన్ని బట్టి రూపం మారేలా ఫాంటు లోపలే ఉండే ఓపెన్‌టైప్ సూత్రాలు రాశాను. 35 హల్లులు, వాటి గుణింతాలు, వత్తులు, పైన ఈ రెండో రూపాలు... దీనికే ఏడాది పట్టింది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరకబట్టి పని సాగింది.

ఉచితం అనే మాట గురించి ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల కిందట, ఫ్రీ అని రాసి ఉన్న ఒక ఫాంటుతో 48 పేజీల పుస్తకం సిద్ధం చేశాను. ప్రింటుకు ఇచ్చే ముందు చూస్తే అది సొంత వాడకానికే ఫ్రీ, అమ్మే పుస్తకంలో వాడకూడదు. బుడగలన్నీ మళ్లీ నింపాను. ఆ వారం పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. అందుకే నా ఫాంటుకు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ పెడుతున్నాను, 2007 నాటి 1.1 కూర్పు. పుస్తకాల్లో, పత్రికల్లో, బోర్డుల మీద వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫాంటు ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు, మార్చి పంచిన ఫాంటుకు కూడా ఇదే లైసెన్స్ ఉండాలి. తమ రాతను నలుగురికీ ఇవ్వాలనుకునేవాళ్లు దయచేసి లైసెన్స్ కూడా జతచేయండి. ఫాంటును యూనికోడ్‌లోనే, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల్లోనే చేయండి, లేకపోతే ఫాంటు మార్చగానే టైపు చేసిన కథంతా పిచ్చిగీతలవుతుంది.

పని దాదాపు అయిపోయింది. 'జ్యోత్స్న' అనే పేరు మాత్రం నాకింకా లొంగలేదు. త కింద స వత్తు, దానికి తోడు న వత్తు. ఒకదాని కింద ఒకటి పెడితే కింది వరుసలోని గుడికి తగులుతున్నాయి. పక్కకు జరిపితే తర్వాతి అక్షరం కిందికి చొచ్చుకుపోతున్నాయి. మీ పాఠకుల్లో జ్యోత్స్నలు ఉంటే, తొందరలో తమ పేరు ఎలా రాసుకుంటారో ఒక కాగితం మీద మూడుసార్లు రాసి మీ కార్యాలయానికి పంపమని మనవి. వాటిని నాకు అందేలా చూడండి.

— పిల్లల బొమ్మల కథలు గీసే ఒక పాఠకురాలు