వెటకారం శీర్షికలో ఉంటే ఆనవాలు కూడా శీర్షికలోనే ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

ఈమధ్య జిల్లా పేజీల్లో వార్తల శీర్షికలకు కూడా వ్యంగ్యం అంటుకుంది. వద్దనడానికి కాదు ఈ ఉత్తరం. వ్యంగ్యం ఎలా కడితే నిలుస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పండితులు, ఎప్పుడో తేల్చిపెట్టారు. డెస్కులో కూర్చునే కుర్రవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

గుంటూరులో గట్టి వాన పడింది, మూడు వంతెనల కింద నీళ్లు నిలిచాయి. "నగరానికి కొత్త ఈతకొలను" అని శీర్షిక పెట్టారనుకోండి. ఆ నీళ్లలో బండి ఆగిపోయి తోసుకొచ్చినవాడు చదివి నవ్వుకుంటాడు. అదే శీర్షికను ఎవరో ఫోన్లో ఫొటో తీసి, కింది వార్త వదిలేసి వాట్సాప్‌లో పెడతారు. హైదరాబాద్‌లో ఉన్న మనవాడు అది చూసి, మన ఊళ్లో ఈతకొలను కట్టారట, పిల్లల్ని సెలవులకు పంపుతానంటాడు. అతని తెలివికి లోటేమీ లేదు. శీర్షికలో ఉండాల్సింది లేదు, అంతే.

వ్యంగ్యానికి మూడు భాగాలు: పైకి అనే మాట, వినేవాడికి ముందే తెలిసిన నిజం, ఆ రెండూ పొసగడం లేదని చెప్పే ఆనవాలు. నిజం వినేవాడికి తెలియకపోతే ఆనవాలు మరీ గట్టిగా ఉండాలి. 11వ శతాబ్దపు మమ్మటుడి 'కావ్యప్రకాశం'లో ఒక శ్లోకం ఉంది. ఎంతో ఉపకారం చేశావు, నీ మంచితనం లోకానికి చాటావు, ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు మిత్రమా అని దాని భావం. విడిగా చదివితే అచ్చమైన ఆశీర్వాదం! అందుకే ఇది అపకారం చేసినవాడితో అంటున్న మాట అని మమ్మటుడంతటివాడు కింద ఒక వాక్యం రాయవలసి వచ్చింది. మీ శీర్షిక కింద ఉండే వార్త కూడా అలాంటి వాక్యమే. అది తెగిపోతే ఆశీర్వాదం ఒక్కటే మిగులుతుంది.

అప్పయ్య దీక్షితుల 'కువలయానందం'లో వ్యాజస్తుతికి, అంటే పొగడ్త వేషంలో వచ్చే నిందకు, ఇచ్చిన ఉదాహరణ చూడండి. భేష్ దూతీ, ఇంతకంటే ఏం చేస్తావు, నా కోసం వెళ్లి పళ్లగాట్లు, గోళ్లగాట్లు కూడా పడ్డావు అంటుంది నాయిక. దీనికి వ్యాఖ్య అక్కర్లేదు, ప్రియుడి దగ్గరకు పంపిన దూతి తానే అతనితో గడిపి వచ్చిందనడానికి గాట్లే సాక్ష్యం. పత్రికకు పనికొచ్చేది ఈ పద్ధతి. "మూడు వంతెనల కింద కొత్త ఈతకొలను, ఆటోతో సహా దిగవచ్చు" అని పెట్టండి. ఫొటో తీసి ఎక్కడికి పంపినా పెడర్థం రాదు.

కొలతలు కావాలంటే మన దివిసీమ కవి కాసుల పురుషోత్తముణ్ణి చదవాలి. ఆయన 'ఆంధ్రనాయక శతకం' కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువుకు చెప్పిన నిందాస్తుతి, అంటే తిడుతున్నట్టు చేసే స్తుతి (ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, చాలామంది పొరబడతారు). అందులో ఒక సీసపద్యం, అంటే నాలుగు పెద్ద పాదాలు, వాటి కింద ఒక చిన్న గీతం. ఆలు భూదేవి బరువంతా మోస్తే నీకు అఖిలభారకుడన్న పేరొచ్చింది, లక్ష్మి ఇంట ఉండబట్టి కోరినవన్నీ ఇస్తాడన్న ఘనత వచ్చింది, కొడుకు బ్రహ్మ సృష్టి చేస్తే బహుకుటుంబివయ్యావు, కూతురు గంగ పాపాలు కడిగితే పతితపావనుడివయ్యావు అంటాడు. నాలుగు పాదాల్లోనూ తిట్టన్నది లేదు. కింది గీతంలో గానీ అసలు ముక్క పడదు: ఈ పేరంతా ఆలుబిడ్డలు తెచ్చిందే, నువ్వు మొదటినుంచీ దామోదరుడివే, అంటే పొట్టకు తాడున్నవాడివే. పొట్టకు తాడు తప్ప స్వామి సొంతానికి ఏమీ మిగల్లేదు. నాలుగు పాళ్లు పొగడ్త, ఒక పాలు మెలిక, ఆ మెలిక కూడా చివర్లో. ఇప్పటి రచనల్లో ఈ పాళ్లు తిరగబడ్డాయి. మొదటి వాక్యంలోనే కోపం బయటపడితే ఇక పొగడ్తకు చోటేది? అది తిట్టే. తిట్టుకు తిట్టు విలువ ఉండవచ్చు గానీ దాన్ని వ్యంగ్యం అనకూడదు.

నోటితో అనేటప్పుడు ఇంత అవస్థ లేదు. కాకువు, అంటే గొంతు విరుపు, ఆనవాలు పని చేసిపెడుతుంది. రాతలో అది పోతుంది. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం అమెరికాలో దీన్ని పరీక్షించింది. గొంతు విన్నవాళ్లు ఎత్తిపొడుపును నాలుగింట మూడు వంతుల వరకు సరిగ్గా పట్టుకున్నారు. ఈమెయిల్లో చదివినవాళ్లు సగానికి కాస్త పైన, అంటే బొమ్మాబొరుసు వేసి చెప్పినదానికంటే కొంచెం నయం. పంపినవాళ్లు మాత్రం ఎలా పంపినా అర్థమైపోతుందనే నమ్మారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో సగం తగాదాలకు మూలం ఈ నమ్మకమేనని నా అనుమానం.

అయితే తెలుగులో రాసేవాడికి ఒక వెసులుబాటు ఉంది. కాగితం మీద కూడా నిలిచే ఆనవాళ్లు మన భాషలోనే ఉన్నాయి. "బాగా చేశావు" మెప్పు, "బాగానే చేశావు" అనుమానం, "బాగా చేశావులే" ఎత్తిపొడుపు. నువ్వు అనేవాణ్ణి ఉన్నట్టుండి "తమరు" అంటే చాలు. "అట" చేరిస్తే మాట మనది కాకుండా పోతుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అన్న సామెతలో ఎవరి పేరూ లేదు, తగలాల్సినవాళ్లకు తగులుతుంది. నవ్వు బొమ్మలు అతికించాల్సిన పని లేదు. కాకపోతే వాక్యానికి ఒక ఆనవాలు, మహా అయితే రెండు. "అబ్బో, తమరు మహా గొప్పగా చేశారులే పాపం" అంటే అది పంపు దగ్గర బిందెల పోట్లాట.

ఎవరి మీద వేస్తున్నామన్నది వేరే లెక్క. శల్యసారథ్యం అన్న మాట ఊరికే పుట్టలేదు. యుద్ధంలో కర్ణుడికి సారథివైతే అతని తేజస్సు తగ్గించమని ధర్మరాజు ముందే అడిగాడు, శల్యుడు ఒప్పుకున్నాడు. నూటొక్క రకాలుగా ఎగురుతానని హంసలతో పందెం కాసి సముద్రం మీద రెక్కలు వాల్చిన ఎంగిలి కాకి కథ చెప్పాడు. కర్ణుడు శత్రువు సంగతి వదిలి తన సారథిని, ఆ సారథి ఏలే మద్రదేశాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు. పని చేసేవాణ్ణి పని మధ్యలో దెప్పితే జరిగేది ఇదే, ఆఫీసులోనైనా వంటింట్లోనైనా.

బడిలో ఇది మరీ ప్రమాదం. ఐదారేళ్ల లోపు పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు. "ఆహా, ఎంత చక్కని దస్తూరీయో" అని పంతులు వెక్కిరిస్తే నిజమేననుకుని మురుస్తారు, తరగతి నవ్వాక గానీ తెలియదు. పెద్ద తరగతుల పిల్లలకు అర్థమవుతుంది, కానీ తిరిగి అనే హక్కు వాళ్లకు లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ఇంకో నష్టం కూడా ఉంది. ఎప్పుడూ ఎత్తిపొడిచే నోరు ఒకరోజు నిజంగా మెచ్చుకున్నా ఎదుటివాడు అందులో ముల్లు వెతుక్కుంటాడు.

ఇదే ఆయుధం కిందివాడి చేతిలో పడితే ఎలా ఉంటుందో వినుకొండ కవి జాషువా 1941లో 'గబ్బిలం'లో చూపించాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలాన్ని బతిమాలతాడు: శివుడి చెవి నీకు దగ్గర కదా, పూజారి లేని వేళ చూసి నా కథ చెప్పు అని. గబ్బిలానికి దొరికిన చోటు మనిషికి లేదని ఆ పద్యంలో ఆయన వేరుగా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇన్నేళ్లు నిలిచేది కాదేమో.

ఇక మీ డెస్కుకు ఒక విన్నపం. వెటకారపు శీర్షిక పెట్టినప్పుడు కింది వార్తను అరచేత్తో మూసి, మన జిల్లా మొహం చూడనివాడి కళ్లతో ఒకసారి చదవండి. అసలు సంగతి తెలియకపోతే ఒక్క మాట చేర్చండి. చోటు చాలకపోతే ఆ రోజుకు మామూలు శీర్షికే పెట్టి, వ్యంగ్యాన్ని కార్టూన్‌కు వదలండి. మరణాలు, ప్రమాదాలు, పరీక్షా ఫలితాల వార్తల జోలికి మాత్రం అసలే తేవద్దు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు