ఆ నాలుగు వాటాల ఇంటి లెక్క మళ్లీ వేశాను

చిట్టీ,

నువ్వు పంపిన ఇంటి వివరాలన్నీ చదివాను. ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, నీకు ఎందుకు నచ్చిందో అర్థమైంది. కానీ వాటితో పాటు బ్రోకర్ ఇచ్చిన లెక్క కాగితం ఒకటి పెట్టావు చూడు, "ఏడాదికి 7 శాతం రాబడి" అని, నా దిగులంతా దాని గురించే. అది అమ్మేవాళ్లు వేసుకున్న లెక్క. అప్పు పత్రం మీద సంతకం పెట్టేది నువ్వు కాబట్టి లెక్క కూడా నువ్వే వెయ్యాలి. నేను వేసింది చెప్తాను, నువ్వు పక్కన కాగితం పెట్టుకుని మళ్లీ వేసి చూడు.

తేలిగ్గా ఉండడానికి ఇంటి ధర 100 అనుకుందాం. నువ్వు పంపిన అంకెల ప్రకారం ఏడాది అద్దె 8, పన్నూ ఇన్సూరెన్సూ కలిపి 1, మిగిలేది 7. కూడికలు, తీసివేతల్లో తప్పేం లేదు, అసలు రాయకుండా వదిలేసిన వాటిలోనే ఉంది కథంతా. ఏడాది పొడవునా నాలుగు వాటాలూ నిండి ఉంటాయనుకున్నారు. ఒకళ్లు ఖాళీ చేసి వెళ్లి, సున్నం వేయించి, ఇంకొకళ్లు దిగేసరికి నెల ఇట్టే పోతుంది, కాబట్టి ఒక్కో వాటాకి ఏడాదికో నెల తీసేశాను, అది 0.67. రిపేర్లకి 0.6. ఇంటి వ్యవహారాలు చూసే మనిషికి 0.6, నేనే చూసుకుంటాను కదమ్మా అంటావు, చూసుకో, కానీ నీ శ్రమకి కూడా ఖరీదు కట్టాలి, రేపు ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్తే ఆ డబ్బు ఎవరికో ఒకరికి ఇవ్వాల్సిందే. ఇంకో 0.5 పెద్ద ఖర్చుల కోసం పక్కన పెట్టాలి. పైకప్పు, మోటారు, పైపులు, వైరింగు ఏటా పాడవ్వవు, పాడైన ఏడాది మాత్రం మొత్తం అద్దె మింగేస్తాయి. ఇవన్నీ పోతే చేతికి మిగిలేది 4.63. క్యాప్ రేట్ అని నువ్వు రాశావే, అంటే అప్పు సంగతి పక్కన పెట్టి, ఖర్చులు పోగా మిగిలేది ఇంటి ధరలో ఎంత శాతమో అది, ఆ మాటకి నిజమైన అంకె ఇదీ, 7 కాదు. అప్పు కాకుండా మిగతా ఖర్చులకే అద్దెలో సగం పోతుందని అనుకుని మొదలుపెట్టే పెట్టుబడిదారులు చాలామంది ఉన్నారు, వాళ్ల లెక్కన అయితే 4 మాత్రమే, నేను ఇంకా కాస్త ఉదారంగానే వేశాను.

ఇప్పుడు అప్పు సంగతి. ధరలో 70 అప్పు తెస్తానన్నావు, వడ్డీ 9 శాతం, 20 ఏళ్లు. ఏడాదికి కట్టాల్సిన వాయిదాలు 7.56. ఇల్లు ఇచ్చేదేమో 4.63. అంటే అద్దె అనుకున్నట్టే వచ్చినా ఏటా దాదాపు 2.93 నీ జీతంలోంచి వేయాలి. అసలు తీరుతోంది కదా అనుకుంటావేమో, మొదటి వాయిదాలో 83 శాతం వడ్డీకే పోతుంది, మొదటి ఏడాది మొత్తం మీద తీరే అసలు 1.3. వడ్డీ రేటు మారే రకం అప్పు అయితే అది 10కి వెళ్లిన రోజున వాయిదాలు 8.1 అవుతాయి, అద్దె మాత్రం అదే రోజున పెరగదు.

ఇక్కడ నువ్వు బాగా ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. ఇల్లు ఇస్తున్నది 4.63 శాతం, అప్పు అడుగుతున్నది 9 శాతం. ఈ తేడా ఇలా ఉన్నంతకాలం అప్పు ఎంత ఎక్కువ తెస్తే అంత లోతుకి వెళ్తావు. తక్కువ డబ్బు పెట్టి పెద్ద ఆస్తి కొంటున్నావని అందరూ మెచ్చుకుంటారు, నెలనెలా వాయిదా తేదీ దగ్గరపడుతుంటే వచ్చే టెన్షన్ మాత్రం నీ ఒక్కదానిదే. అద్దె ఇళ్లకి, దుకాణాలకి వ్యాపార అప్పులిచ్చే బ్యాంకులు చాలాచోట్ల నికర ఆదాయం వాయిదాల కంటే 1.2 నుంచి 1.25 రెట్లు ఉండాలని చూస్తాయి. నీ ఇంటికి అది 0.61. నీ జీతం చూసి ఎవరో అప్పు ఇవ్వొచ్చు, అంతమాత్రాన ఆ ఇల్లు ఆ అప్పుని మోస్తుందని కాదు. 1.25 రావాలంటే ఇదే వడ్డీకి అప్పు 34 దాటకూడదు, లేదా 70 శాతం అప్పుతోనే కొనాలంటే ధర 49కి దిగాలి. సగానికి సగం ధర ఎవరూ తగ్గించరు, నాకూ తెలుసు. అందుకే చెప్తున్నాను, ఈ ధరకి, ఇంత అప్పుతో ఈ ఇల్లు వద్దు.

"ధర పెరుగుతుంది కదమ్మా" అని నువ్వు రాసిన వాక్యం దగ్గరికి వస్తాను. పెరగొచ్చు. ఏటా 3 శాతం పెరిగిందనుకో, నువ్వు జేబులోంచి వేసిన 2.93 తిరిగొచ్చినట్టవుతుంది, అంతే, అదీ అమ్మిన రోజున, అమ్మకం ఖర్చులూ పన్నూ పోకముందు. ఏడాదిలో తీరిన ఆ 1.3 అసలు తప్ప, నువ్వు సొంతంగా పెట్టే 30 మీద ఇంకా ఏమీ సంపాదించనట్టే. పైగా ధరలు పెరగడమే తప్ప తగ్గడం తెలియదని జనం నమ్మిన చోట్లే పెద్ద దెబ్బలు తగిలాయి. జపాన్‌లో 1991 తర్వాత భూముల ధరలు పదేళ్లకి పైగా దిగుతూనే ఉన్నాయి. అమెరికాలో 2006 నుంచి 2012 లోపు ఇళ్ల ధరలు దేశం మొత్తం మీద పావు వంతుకు పైగా పడ్డాయి. ఆ రోజుల్లో అద్దెతోనే వాయిదా కట్టుకోగలిగిన వాళ్లు ధర పడినా కూర్చోగలిగారు, ధర మీదే ఆశ పెట్టుకున్న వాళ్లు అమ్ముకోవాల్సి వచ్చింది. పెరిగితే సంతోషం, లెక్కలో మాత్రం దాన్ని సున్నా అనుకునే కొనాలి.

ఇంకో విషయం, ఆ 8 అద్దె కూడా నిజమో కాదో మనకి తెలియదు. మూడో వాటా ఖాళీగా ఉందని కింద చిన్న అక్షరాల్లో రాశారు, అద్దె మాత్రం నాలుగింటికీ వేశారు. "రాగల అద్దె" వేరు, వచ్చిన అద్దె వేరు. అద్దె ఒప్పందాలు అడుగు, రెండేళ్లుగా అద్దె జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగు, పన్ను రసీదులు, నీళ్ల బిల్లు, కరెంటు బిల్లు అడుగు. అద్దెకున్న వాళ్లతో నువ్వే మాట్లాడు: ఎంత కడుతున్నారు, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, వాన వస్తే ఎక్కడ కారుతుంది, ఎంతకాలం ఉంటారు. వాళ్ల అడ్వాన్సులు రేపు తిరిగి ఇవ్వాల్సింది నువ్వే, కాబట్టి ఆ మొత్తం అమ్మేవాళ్ల దగ్గర్నుంచి నీకు రావాలి. కాగితాలు చూపించడానికి నసిగేవాళ్లని ఇంకోసారి అడగొచ్చు, అప్పటికీ ఇవ్వకపోతే వచ్చెయ్యి.

ధర సరైనదో కాదో చూడాలంటే చుట్టుపక్కల వాళ్లు చెప్పే ధరలు వినకు, ఈ మధ్య నిజంగా అమ్ముడైన ధరలు కనుక్కో, అలాంటి సైజు, అలాంటి వయసు ఇళ్లవి మూడైనా.

ఇల్లు చూడ్డానికి పగలొకసారి, రాత్రొకసారి వెళ్లు. వాన కురిసిన మర్నాడు వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకు వేశారో అడుగు, మూలల్లో చెమ్మ వాసన చూడు, మరుగుదొడ్లలో నీళ్లు ఎంత వేగంగా పోతున్నాయో చూడు. ఆ తర్వాత డబ్బు ఇచ్చి ఒక ఇంజినీరుని తీసుకెళ్లు. లాయరు కూడా నువ్వు వెతుక్కున్న మనిషే కావాలి, బ్రోకర్ చూపించిన మనిషి కాదు. ఆస్తి ఎవరి పేరున ఉంది, ఎక్కడైనా తాకట్టులో ఉందా, వారసుల్లో సంతకం పెట్టని వాళ్లున్నారా, కట్టిన అంతస్తులన్నిటికీ అనుమతి ఉందా, ఇవి తేలకముందు బయానా ఇవ్వకు. ఇవ్వక తప్పకపోతే అప్పు రాకపోయినా, పరీక్షలో లోపం బయటపడినా డబ్బు వెనక్కి ఇస్తారని రాయించుకో. నోటిమాట చాలదు. "రేపు ఇంకొకళ్లు బయానా ఇచ్చేస్తున్నారు" అంటారు, ఇవ్వనీ.

నువ్వు చివర్లో రాసిన ఆ పాత ఇల్లు, కొని బాగుచేసి అమ్మేసేది, దానికి లెక్క వేరు. బాగుచేశాక ఎంత పలుకుతుందో అందులో 70 శాతం తీసుకుని, రిపేరు ఖర్చు తీసేస్తే వచ్చేదే నువ్వు ఇవ్వగల ధర అని ఒక మోటు సూత్రం ఉంది. 100 పలికే ఇంటికి రిపేరు 15 అయితే 55. ఆ 30 శాతం అంతా లాభం కాదు, వడ్డీ, బ్రోకరు ఫీజు, పన్నులు, ఆలస్యం అన్నీ అందులోంచే. ఉద్యోగం చేస్తూ మేస్త్రీల వెంట తిరగడం నీకు ఇప్పుడు కుదరదని నా అభిప్రాయం. స్నేహితురాలితో కలిసి కొనే ఆలోచన ఉంటే మాత్రం ఎవరి వాటా ఎంత, ఒకళ్లు బయటికి వెళ్లాలనుకుంటే ధర ఎలా కడతారు అన్నది కొనకముందే రాసుకోండి.

ఏ ఇల్లు కొన్నా ఆరు నెలల వాయిదాలూ ఖర్చులూ విడిగా బ్యాంకులో ఉండాలి. అది 30లో కలిసిపోకూడదు, రిజిస్ట్రేషన్ ఖర్చుల్లోనూ కలిసిపోకూడదు. ఈ సొమ్ము లేకపోతే ఇంకో ఏడాది ఆగు, ఇళ్లు ఎక్కడికీ పోవు.

ఈ ఇల్లే మనసులో ఉంటే అప్పు 34కి తగ్గించగల దారి ఉందేమో చూడు, లేదా ధర ఎంతకి దిగుతారో అడుగు, అడగడంలో మొహమాటం వద్దు. ముందు అద్దె ఒప్పందాలూ రెండేళ్ల బిల్లులూ తెప్పించు. వచ్చిన రోజే నాకు పంపు, ఇద్దరం ఫోన్‌లో కూర్చుని ఒక్కో అంకె సరిచూద్దాం.

మీ అమ్మ