లినక్స్ వినియోగదారుల సంఘం: 2025 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది మనల్ని పరుగులు పెట్టించింది ఒకే ఒక్క తేదీ. అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోతుందని అందరికీ ముందే తెలుసు. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ప్రాసెసరు కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. ఏ లోపమూ లేని కంప్యూటర్లు ఎన్నో ఆ షరతుల దగ్గరే ఆగిపోయాయి. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాక కొందరు నిదానించారు, మిగతావాళ్లు మాత్రం విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయించుకుంటామని వచ్చి, మన సహాయ కేంద్రానికి ఊపిరి సలపనివ్వలేదు.

వచ్చిన ఫిర్యాదుల్లో ఎప్పటిలాగే వైఫైదే మొదటి స్థానం. కార్డును నడిపే డ్రైవరు లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే ఉంటుంది గానీ చిప్పులోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు ఉండదు, గొడవంతా అక్కడే. 2023లో వచ్చిన డెబియన్ 12 (డెబియన్ అంటే లినక్స్‌లో ఒక రకం) నుంచి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చడంతో ఈ బాధ చాలావరకు తగ్గింది. ఇక మిగిలినవి పాత బ్రాడ్‌కామ్ కార్డులు, కొన్ని రియల్‌టెక్ కార్డులు. వీటికి మన వాళ్లు పాటించిన పద్ధతి సులువైనదే: ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేసి, ఆ నెట్‌తో డ్రైవరు దించుకోవడం. అయితే కార్డు ఏదో తెలియకుండా డ్రైవరు వెతకొద్దని మరోసారి మనవి. కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కు ఎన్ఎన్ జోడిస్తే (lspci -nn) కార్డు కోడ్ కనిపిస్తుంది. అది 14ఈ4 అని మొదలైతే బ్రాడ్‌కామ్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 8086 అయితే ఇంటెల్. ఈ ఒక్క ముక్క ముందే పంపితే సగం పని అయిపోయినట్టే. "ఏమీ పనిచేయట్లేదు సార్, అర్జెంట్" అని మెసేజ్ పెట్టి ఫోన్ ఎత్తకపోతే మేం చేయగలిగిందేమీ లేదు.

రెండోది నల్ల తెర. ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే స్క్రీన్ ఆరిపోతుంది, గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియాది అయితే మరీనూ. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో 'ఈ' (e) కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర గ్రాఫిక్స్ డ్రైవరును పక్కనపెట్టే 'నోమోడ్‌సెట్' (nomodeset) చేర్చి బూట్ చేయడం ఇప్పుడు మన సభ్యుల్లో చాలామందికి వచ్చు. దాన్ని అక్కడే శాశ్వతంగా వదిలేసి "లినక్స్ నత్తనడక" అని చెప్పుకు తిరిగేవాళ్లు కూడా మనలోనే ఉన్నారు. అది ఇన్‌స్టాల్ గట్టెక్కడానికే, తర్వాత సరైన డ్రైవరు వేసుకోవాలి.

ఆ డ్రైవరు దగ్గరే ఇంకో చిక్కు. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకమున్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, సంతకం లేని డ్రైవరు మాడ్యూల్‌ను కెర్నెల్ రానివ్వదు. అందుకే డ్రైవరు వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. ఆ తెర ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు మాత్రమే ఆగుతుంది. మనం తేరుకునేలోపు దాటిపోతే సిస్టమ్ ఏమీ జరగనట్టు మామూలుగా బూట్ అవుతుంది, డ్రైవరు మాత్రం లోడ్ కాదు. నీలం తెర అనగానే సిస్టమ్ పాడైందని కంగారుపడి 'కంటిన్యూ బూట్' కొట్టేసినవాళ్లు ఎంతమందో! అక్కడ ఎంచుకోవాల్సింది 'ఎన్‌రోల్ మోక్' (డ్రైవరు సంతకానికి సంబంధించిన కీని నమోదు చేయడం), ఇవ్వాల్సింది ఇందాక పెట్టుకున్న పాస్‌వర్డే.

ఇక ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం ఇన్‌స్టాల్ మేళా. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవమైన సెప్టెంబరు మూడో శనివారం, అంటే 20వ తేదీన జరిపాం. ముందు రోజే పెన్‌డ్రైవ్‌లన్నీ సిద్ధం చేసి, దించుకున్న ప్రతి ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్) ఫైలూ సరిగ్గా దిగిందో లేదో ఎస్‌హెచ్‌ఏ256 అనే కోడ్‌తో సరిచూశాం. సగంలో ఇన్‌స్టాల్ చతికిలబడితే లినక్స్‌నే తిడతారు తప్ప, సరిగ్గా దిగని ఫైలును ఎవరూ తిట్టరు.

మేళాలో మూడు బల్లలు పెట్టాం. మొదటి బల్ల దగ్గర రెండే ప్రశ్నలు: బ్యాకప్ ఉందా, బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) కీ ఉందా. రెండో దాని దగ్గర పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, కెమెరా, మూత మూసి తెరిచినప్పుడు మేలుకోవడం అన్నీ పరీక్షించాం. అవి బాగుంటేనే మూడో బల్ల దగ్గర ఇన్‌స్టాల్. బ్యాకప్ లేనివాళ్లను వెనక్కి పంపడంతో కొందరు నొచ్చుకున్నారు. వాళ్ల కోపాన్ని భరించడానికి కార్యవర్గం సిద్ధమే. ఒక్కరి పెళ్లి ఫొటోలు పోయినా సంఘం పేరు మళ్లీ లేవదు.

ఆ రోజు అందరికీ గుర్తుండిపోయేది ఒక టీచరుగారి లాప్‌టాప్. ఇన్‌స్టాలర్‌కు మన పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపిస్తోంది, లోపలి డిస్క్ జాడే లేదు. డిస్క్ పోయిందని పక్కనున్నవాళ్లు అప్పుడే తేల్చేశారు కూడా. మన విద్యార్థి సభ్యురాలు ఒకరు కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి చూస్తే స్టోరేజ్ ఆర్ఎస్‌టీ అనే ఇంటెల్ మోడ్‌లో ఉంది. మామూలు మోడ్ అయిన ఏహెచ్‌సీఐకి మారిస్తే లినక్స్‌కు డిస్క్ కనిపిస్తుంది, అయితే టీచరుగారికి విండోస్ కూడా కావాలి. ఉన్నపళంగా మారిస్తే విండోస్ బూట్ కాకుండా పోతుంది, బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అందుకని ఆ అమ్మాయి ముందు కీని కాగితం మీద రాయించింది, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపింది, విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి అప్పుడు బయాస్‌లో మోడ్ మార్చింది. సేఫ్ మోడ్‌లో లేచినప్పుడు విండోస్ కొత్త డ్రైవరును తనే పట్టుకుంది. తర్వాత సేఫ్ మోడ్ తీసేసి, ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపించింది. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, దాని పార్టిషన్‌లో రాయడానికి లినక్స్‌కు వీలుండదు. ఇదంతా ప్రొజెక్టర్ మీద చూపిస్తూ చేయడంతో చప్పట్లు మోగాయి. రెండు సిస్టమ్‌లూ లేచాక టీచరుగారు ఆ అమ్మాయిని తన స్కూల్‌కు వచ్చి పిల్లలకు చూపించమని అక్కడికక్కడే పిలిచారు.

సహాయ కేంద్రంలో మరో ముచ్చట కూడా చెప్పాలి. ఒక పాత డెస్క్‌టాప్‌లో ఇన్‌స్టాల్ సజావుగా అయింది గానీ అప్‌డేట్లు రావు, ఏ సైటూ తెరుచుకోదు. రూటర్ మార్చారు, కేబుల్ మార్చారు, డీఎన్ఎస్ మార్చారు. చివరికి మన పెద్దాయన ఒకరు తెర మూలనున్న గడియారం చూపించారు. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంది! మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 రకం బ్యాటరీ అయిపోయింది. గడియారం వెనకబడితే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు, ప్యాకేజీల జాబితాలు దానికి ఇంకా అమల్లోకి రానట్టే లెక్క. అందుకే ప్యాకేజీలు దించే ఆప్ట్ ప్రోగ్రామ్ "నాట్ వాలిడ్ యెట్" (ఇంకా చెల్లదు) అంటూ మొరాయించింది. ఆ సంగతి తెర మీదే రాసి ఉన్నా ఎవరూ చదవలేదు. ఎర్రర్ మెసేజ్‌ను దాటవేయకుండా చదవండని ఎన్నిసార్లు చెప్పాలో.

ఇలాంటివన్నీ రాసిపెట్టడానికే రిజిస్టరు పెట్టాం. మోడల్, కార్డు కోడ్, లక్షణం, చివరికి పనిచేసిన మందు, నాలుగే గడులు. టీచరుగారి లాప్‌టాప్ మోడలే నవంబరులో మరొకరు తెస్తే, కొత్తగా చేరిన కుర్రాడు రిజిస్టరు చూసి ఎవరినీ అడగకుండా చేసేశాడు. మన దగ్గర నిపుణులకు కొదవలేదు, రాసేవాళ్లే తక్కువ. సమస్య తీరగానే చేతులు దులుపుకుని వెళ్లిపోతే అదే సమస్య మీద ఇంకొకరు మళ్లీ పూటంతా తలబద్దలు కొట్టుకోవాలి. రిజిస్టరులో సగం పేజీలు ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఎవరిదో సభ్యులకు తెలుసు, పేరు చెబితే వారికే ఇబ్బంది.

వాలంటీర్ల సంగతి కూడా దాచను. మేళాకు గ్రూపులో బొటనవేలు చూపించినవాళ్లలో ఉదయం హాలుకు వచ్చింది ఎప్పుడూ వచ్చే ముఖాలే. రాలేకపోవడం తప్పు కాదు, ముందు రోజు రాత్రి ఒక్క మాట చెప్పొచ్చు కదా! ఒక కార్యాలయం వారు స్టోర్‌లో పడి ఉన్న పాత కంప్యూటర్లు ఇస్తామని నోటిమాటగా అన్నారు. ఉత్తరాలు రాశాం, స్వయంగా వెళ్లాం. ఫైలు ఇంకా కదలలేదు, కంప్యూటర్లకు దుమ్ము మాత్రం పేరుకుంటోంది. అవి వచ్చేనాటికి 32 బిట్ ప్రాసెసరున్న బాగా పాతవి ఏమైనా ఉంటే వాటి దారి ఇంకా ఇరుకవుతుంది. ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరే లేదు, ప్రస్తుతానికి డెబియన్ 12తోనే నెట్టుకొస్తున్నాం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు జత చేశారు, ఆడిట్ అయింది. పెన్‌డ్రైవ్‌లకే ఎక్కువ ఖర్చయింది. తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇస్తే అదీ తగ్గుతుంది. చందా బాకీలున్నవారు ఈ రోజే చెల్లించగలరు.

హాలు ఇచ్చిన గ్రంథాలయ నిర్వాహకులకు, ప్రొజెక్టర్, ఎక్స్‌టెన్షన్ బాక్సులు మోసుకొచ్చిన సభ్యులకు, మొదటి బల్ల దగ్గర చీవాట్లు తిన్న ఇద్దరు సోదరీమణులకు, బ్యాటరీ కనిపెట్టిన పెద్దాయనకు, విద్యార్థి బృందానికి, కరపత్రాలు దిద్దిన ఉపాధ్యక్షుల వారికి, ఓపిగ్గా ఎదురుచూసిన కంప్యూటర్ల యజమానులకు, నన్ను భరించిన కార్యవర్గానికి పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి ప్రింటర్లు, స్కానర్ల మీద ఒక శిక్షణ, రిజిస్టరును అందరూ వెతుక్కునేలా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ప్రతిపాదిస్తున్నాం. రెండోదానికి టైపు చేసేవాళ్లు కావాలి. పేర్లు ఇవ్వడానికి కాగితం తలుపు దగ్గర పెట్టాం. ఈ నివేదికను, జమాఖర్చులను ఆమోదించి, తర్వాతి అంశమైన కార్యవర్గ ఎన్నికకు వెళ్లవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి