యూకే క్యాంపస్‌లలో ఇస్లామిక్ సొసైటీలకి సపోర్ట్ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

యూకే చదువులంటే మన పేపర్లలో ఫీజులు, వీసాలు, పార్ట్‌టైమ్ జాబ్స్ గురించే వస్తుంది గానీ అక్కడ దిగిన పిల్లలకి తోడుండేది ఎవరో ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ లెటర్. నాది గుంటూరు, బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చేసి ఇక్కడే జాబ్ చేస్తున్నా. హైదరాబాద్, కర్నూలు, కడప నుంచి ఇక్కడికొచ్చే మన స్టూడెంట్స్‌లో ముస్లిం పిల్లలు చాలామందే ఉంటారు, వాళ్ళకి మొదటి వారంలో ఆసరా అయ్యేది యూనివర్సిటీలో ఉండే ఇస్లామిక్ సొసైటీ, ఇక్కడ అందరూ ఐసాక్ అంటారు.

స్టూడెంట్సే ఎన్నుకున్న చిన్న కమిటీ దాన్ని నడుపుతుంది, జీతాలేం ఉండవు. హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుంది, జుమా నమాజు ఏ రూములో, కొత్తగా వచ్చిన అమ్మాయితో ఫ్లాట్ షేర్ చేసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఇవన్నీ వాళ్ళే చూస్తారు, నిజానికి యూనివర్సిటీ చెయ్యాల్సిన పని సగం వాళ్ళే చేస్తున్నారు. కొత్తగా చేరిన స్టూడెంట్స్ కోసం పెట్టే ఫ్రెషర్స్ వీక్‌లో ప్రోగ్రాములు చాలావరకు పబ్బులు, క్లబ్బుల చుట్టూనే తిరుగుతాయి, మందు ముట్టని పిల్లలకి ఫ్రెండ్స్ ఎక్కడ దొరకాలి చెప్పండి! రంజాన్‌లో ఇఫ్తార్‌కి మా రూమ్మేట్, కర్నూలు అబ్బాయి, నన్ను కూడా తీసుకెళ్ళాడు, నువ్వెవరు, నీది ఏ మతం అని ఒక్కళ్ళు అడగలేదు, ముందు ప్లేటు చేతిలో పెట్టారు. ఏటా చారిటీ వీక్ అని దేశమంతా ఐసాక్‌లు కలిసి అనాథ పిల్లల కోసం డబ్బు పోగుచేస్తాయి, అది మాత్రం ఎవరికీ వార్త కాదు.

వార్తయ్యేది అనుమానం. 2015 చట్టంతో ప్రివెంట్ డ్యూటీ అని యూనివర్సిటీల మీద పెట్టారు, స్టూడెంట్స్ టెర్రరిజం వైపు వెళ్ళకుండా చూసే బాధ్యత అన్నమాట. సేఫ్టీ అందరికీ కావాల్సిందే, కాదనను. కానీ దాని బరువు ముస్లిం స్టూడెంట్స్ మీదే ఎక్కువ పడుతోందని స్టూడెంట్ యూనియన్లు అప్పట్నుంచీ మొత్తుకుంటున్నాయి, ఒక స్పీకర్‌ని పిలవాలన్నా, ఒక టాపిక్ మాట్లాడాలన్నా వెనకాముందూ ఆలోచించే పరిస్థితిలో ఇరవై ఏళ్ళ పిల్లలు మనసు విప్పి ఎలా మాట్లాడతారు? 2024లో ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల మీద కత్తి దాడి జరిగిన తర్వాత తప్పుడు ప్రచారంతో అక్కడి మసీదు మీద దాడి జరిగింది, గొడవలు చాలా ఊళ్ళకి పాకాయి, అలాంటప్పుడు హిజాబ్ వేసుకునే అమ్మాయికి సాయంత్రం లైబ్రరీ నుంచి తోడు వచ్చే నలుగురు ఉండటం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి లోన్లు. ఇది మన ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి కాదు, ఇక్కడే పుట్టి పెరిగిన ముస్లిం పిల్లల సమస్య. 2012లో ఇంగ్లండ్‌లో ఫీజు ఏడాదికి 9,000 పౌండ్ల దాకా పెంచారు, లోన్‌కి వడ్డీ ఉంటుంది, వడ్డీ కట్టడం మతం ప్రకారం తప్పు అని నమ్మే కుటుంబాలు పిల్లల్ని చదివించాలా వద్దా అని నలిగిపోతున్నాయి. వడ్డీ లేని పద్ధతి మీద 2014లో ప్రభుత్వం అభిప్రాయాలు అడిగింది, 2017 చట్టంలో దానికి దారీ పెట్టింది, ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు నాన్చుడే. ఐసాక్‌లు, వాటి సమాఖ్య ఫోసిస్ పట్టుకుని అడగబట్టే ఆ మాట ఇంకా బతికుంది.

యూనివర్సిటీలో మత సంఘాలెందుకు అని మన వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు. మన పిల్లలు దీపావళికి హిందూ సొసైటీకి వెళ్ళట్లేదా? క్రిస్టియన్లకి, యూదులకి కూడా సొసైటీలున్నాయి, ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకి ఆ అవసరం అందరికీ ఒకటే.

యూనివర్సిటీలు వీళ్ళకి పర్మనెంట్ ప్రేయర్ రూము, వజూ (నమాజుకి ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం) చేసుకోడానికి చోటు ఇవ్వాలి, శుక్రవారం జుమా టైమ్‌లో పరీక్షలు పెట్టకుండా చూడాలి, స్పీకర్లని పిలిచే రూల్స్ అన్ని సొసైటీలకీ ఒకేలా ఉండాలి. యూకేలో ఉన్న మన తెలుగు సంఘాలు కూడా ఉగాదికో సంక్రాంతికో ఐసాక్ కమిటీ వాళ్ళని పిలవండి, వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఖచ్చితంగా దొరుకుతారు. పిల్లల్ని పంపుతున్న ముస్లిం తల్లిదండ్రులు అడ్మిషన్ వచ్చిన రోజే ఆ యూనివర్సిటీ ఐసాక్‌కి ఒక మెసేజ్ పెట్టించండి.

ఇట్లు,
ఒక గుంటూరు పాఠకుడు, బర్మింగ్‌హామ్