చిన్నాకి, క్లీవ్‌లాండ్ ఆటల గురించి

రాజమండ్రి,
22 సెప్టెంబరు 2025

చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ఇవాళ కలశం పెట్టాం. మీ నాన్న మోకాలు కాస్త నయం, మెట్లు మాత్రం ఎక్కొద్దన్నా ఎక్కుతున్నారు. ఈమధ్య ఆదివారాలు నీ ఫోన్ రావడం లేదు, ఆఫీసు పని ఎక్కువై ఉంటుందిలే. బుజ్జి మొన్న ఏదో అంది. అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు నీ బేస్‌బాల్ సంగతి చూద్దాం.

నిన్నటికి డెట్రాయిట్ 85 గెలిచి 71 ఓడింది. మీవాళ్ళు, అదే మీ క్లీవ్‌లాండ్ గార్డియన్స్, 84 గెలిచి 72 ఓడారు. ఒక్క ఆటే వెనక, ఇద్దరికీ ఆరేసి మిగిలాయి. జూలై 8న వాళ్ళు 59-34, మీరు 42-48. గెలుపుల్లో తేడా 17, ఓటముల్లో 14, కలిపి సగం చేస్తే పదిహేనున్నర ఆటలు వెనక. అంత దూరం నుంచి వచ్చారంటే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది, కాదనను. కానీ మీరున్న ఆ ఐదు జట్ల డివిజన్ ఎలాంటిదో కూడా చూడాలి కదా. అందులోని వైట్ సాక్స్ నిరుడు 121 ఆటలు ఓడిన జట్టు. మిన్నెసోటా జూలై నెలాఖరుకి సగం జట్టుని అమ్ముకుంది. పోనీ వాళ్ళ మీద ఆడి గెలుపులు పోగేసుకోవచ్చా అంటే, 2023 నుంచి సొంత డివిజన్‌లో ఒక్కో జట్టుతో 13 ఆటలే, అంతకుముందు 19 ఉండేవి. మీవాళ్ళు ఈ ఏడాది చేసిన పరుగులకంటే ఇచ్చిన పరుగులే ఎక్కువ. పరుగుల తేడాలో పదింటికి ఒక గెలుపు అని మోటు లెక్క వేసినా సగానికి సగం ఆడే జట్టన్నమాట. సెప్టెంబరులో నిలబెట్టింది పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు. ఆరుగురిని వరసగా తిప్పుతూ ఒక్కొక్కరికి ఒక రోజు విశ్రాంతి ఎక్కువ ఇస్తున్నారు. బ్యాటింగ్ సంగతి నేను చెప్పక్కర్లేదు, రమీరెజ్ ఒక్కడు ఎంతకని లాగుతాడు?

ఇలాంటి జట్టు మీద డబ్బు కట్టడం ఏమిటి, నాన్నా? కట్టావని నేననడం లేదు. బుజ్జి అంది.

రేపటి నుంచి మూడు ఆటలు డెట్రాయిట్‌తో, మీ ఊళ్ళోనే. సీజన్‌లో 162 ఆటలూ అయ్యాక ఇద్దరూ సమానమైతే 163వ ఆట ఆడించే పద్ధతి 2022లోనే తీసేశారు, ముఖాముఖిలో ఎవరిది పైచేయి అయితే వాళ్ళదే డివిజన్. మేలో నాలుగింట మూడు మీరు గెలిచారు, జూలైలో మూడూ పోగొట్టుకున్నారు, పోయిన వారం వాళ్ళూరు వెళ్ళి మూడూ గెలుచుకొచ్చారు. ఆరు నాలుగు. మొత్తం పదమూడు కాబట్టి ఇంకొక్కటి గెలిస్తే సమానమైనా మీదే.

మూడూ గెలిస్తే మీరు 87-72, వాళ్ళు 85-74. ఆపైన మీ గెలుపో వాళ్ళ ఓటమో ఒక్కటి చాలు. రెండు గెలిస్తే ఇద్దరూ 86-73 దగ్గర నిలుస్తారు, చివరి మూడింట్లో వాళ్ళకంటే తగ్గకుండా ఉంటే సరి. మీకు టెక్సస్ ఇంటికొస్తుంది, వాళ్ళు బోస్టన్ వెళ్ళాలి. ఒకటే గెలిస్తే రెండు ఆటలు వెనక, మిగిలింది మూడే, కష్టం. మూడూ పోతే డివిజన్ సంగతి మరిచిపోయి వైల్డ్ కార్డ్, అదే డివిజన్ గెలవనివాళ్ళకిచ్చే చోటు, చూసుకోవాలి, అక్కడ హ్యూస్టన్ పక్కనే కూర్చుంది. రేపు వాళ్ళ పిచర్ స్కూబల్. మే 25న 94 బంతుల్లో మీ పని పూర్తిచేశాడు, పదమూడుసార్లు స్ట్రైక్ అవుట్ చేసి పరుగు ఇవ్వలేదు. రేపు ఓడినా బెంగపడకు, మిగతా రెండే అసలు.

2006లో సెయింట్ లూయీ ఇలాంటి జట్టుతోనే కప్పు గెలవలేదా అంటావు, నాకు తెలుసు. ఆ కథ సరిగ్గా విను. పన్నెండు ఆటలు మిగిలి ఉండగా వాళ్ళు హ్యూస్టన్‌కంటే ఎనిమిదిన్నర ఆటలు ముందున్నారు. అక్కడి నుంచి వరసగా ఏడు ఓడారు. ఇటు హ్యూస్టన్ వరసగా తొమ్మిది గెలిచింది. తేడా అర ఆటకి వచ్చింది. శాన్ డియాగో మీద సెయింట్ లూయీ పూహోల్స్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది, కొడితే ఆ ఓటముల వరస తెగింది. చివరి ఆదివారం వాళ్ళే మిల్వాకీ చేతిలో ఓడారు, కానీ అట్లాంటాలో హ్యూస్టన్ 3-1తో ఓడబట్టి గట్టెక్కారు. 83 గెలుపులు, 78 ఓటములు! తర్వాత న్యూయార్క్ మెట్స్‌తో లీగ్ ఫైనల్, వాళ్ళ ఊళ్ళోనే ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్. సెయింట్ లూయీ మొలీనా రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, న్యూయార్క్ వంతులో మూడు బేస్‌లూ నిండి ఉండగా సెయింట్ లూయీ పిచర్ వెయిన్‌రైట్ వేసిన కర్వ్ బంతిని బెల్‌ట్రాన్ చూస్తూ నిలబడి అవుటైపోయాడు. ఆఖరి సిరీస్‌లో ఇదే డెట్రాయిట్ పిచర్లు ఆటకొకటి చొప్పున ఐదు తప్పులు చేసి కప్పు చేతికిచ్చారు. ఎన్ని చేతులు కలిస్తే ఆ గెలుపు వచ్చిందో చూశావా? అంతకు ముందేడే 82 గెలిచి డివిజన్ నెగ్గిన శాన్ డియాగోని ఇదే సెయింట్ లూయీ మూడు ఆటల్లో ఇంటికి పంపేసింది. దాని గురించి పందెంరాయుళ్ళు ఎవరూ చెప్పరు.

ఆ పందేల యాప్‌ల లెక్క కూడా చూసుకో. వంద గెలవాలంటే 110 కట్టాలి, అంటే నూటికి యాభైరెండుకు పైగా గెలిస్తేగానీ పెట్టింది రాదు. మూడు పందేలు కలిపి ఒకటిగా కడితే ఎనిమిదింట ఒకసారి తగిలేదానికి ఆరు రెట్లే లాభం ఇస్తారు, న్యాయంగా ఏడు రావాలి. ఒహాయోలో 2023 జనవరి నుంచి చట్టం ఒప్పుకుంటుందని నాకు చెప్పకు. భీమవరం మావయ్య రెండెకరాలు సంక్రాంతి బరిలోనే కదా పోయాయి, అక్కడ కనీసం కోడి కళ్ళెదుట ఉంటుంది. మీ జట్టు పిచర్లనే ఇద్దరిని పందేల విచారణ తేలేదాకా సెలవు మీద కూర్చోబెట్టారు కదా, అందులో ఒకడు ఆఖరి ఇన్నింగ్స్ వేసేవాడు. లోపలివాళ్ళ పరిస్థితే అలా ఉంటే, బయట నువ్వెంత?

తిడుతున్నానని అనుకోకు. ఎంత కట్టావో అంకె చెప్పు, నాన్నకి చెప్పను. అద్దె డబ్బులోంచి తీయలేదు కదా?

డివిజన్ గెలిచినా డివిజన్ విజేతల్లో దాదాపు మూడో స్థానమే, నేరుగా ముందుకెళ్ళే వీల్లేదు. 30న మొదలయ్యే మూడు ఆటల సిరీస్ ఆడాలి, అన్నీ మీ ఊళ్ళోనే. వెళ్తే మాత్రం చెరువు గాలి, చెవులకి ఏదైనా కట్టుకో. అక్కడ అమ్మే హాట్ డాగ్‌లు తిని రాత్రి పడుకోకు, నీకు పడదు. సున్నుండలు పద్మ వాళ్ళబ్బాయితో పంపాను, డబ్బా తిరిగి ఇచ్చేయి, వాళ్ళది.

రేపటి ఆట మాకు బుధవారం తెల్లవారుజాము. మీ నాన్న అలారం పెట్టేశారు. అయ్యాక ఫోన్ చెయ్యి. పదిన్నరకి కంటి డాక్టర్ దగ్గరికి బయల్దేరతాం, ఆలోపు చెయ్యి.

అమ్మ