కేక్ కోయడానికి వచ్చే మంత్రి గారికి ఒక ప్రశ్న

రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

క్రిస్మస్ వస్తోందంటే రాజోలు నుంచి నరసాపురం దాకా చర్చిల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. నాయకులు ఫాదర్ గారి పక్కన నిలబడి కేక్ కోస్తారు. రండి, సంతోషమే. కానీ ఆ కేక్ తినే మా పేటల వాళ్లు ఇక్కడి రిజర్వుడు సీటుకు నామినేషన్ వేయాలంటే తమ జ్ఞానస్నానాన్ని దాచుకోవాల్సిందే.

అమలాపురం లోక్‌సభ స్థానం, దాని కిందున్న అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలు ఎస్సీలవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవుడైన మాల, మాదిగ మన రాష్ట్రంలో ఎస్సీ కాదు, వెనుకబడిన తరగతుల్లో ఒక వర్గమైన బీసీ-సి. చదువులో, ఉద్యోగాల్లో ఒక శాతం రిజర్వేషన్. అసెంబ్లీ సీటు ఊసే లేదు.

కతోలికుల సంగతి ఇంకా చిక్కు. గురువులు, అంటే ఫాదర్లు, ప్రభుత్వ పదవులు చేపట్టకూడదని మా సంఘ చట్టం. లోక వ్యవహారాలు గృహస్థ విశ్వాసుల బాధ్యత అని మా బిషప్పుల రెండో వాటికన్ మహాసభ చెప్పింది. ఫాదర్ గారు నిలబడకూడదు, సరే. పేటలో ప్రార్థనలు నడిపే ఉపదేశి గారి అబ్బాయి రాజోలులో ఎస్సీగా నిలబడకూడదు. ఇక ఆ బాధ్యత మోసేదెవరు?

2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్నవాళ్లలో మన రాష్ట్రంలో పుట్టిన కార్డినల్ పూల ఆంథోనీ గారు ఉన్నారు. దళితుల్లోంచి కార్డినల్ అయిన మొదటి వ్యక్తి ఆయనే. రోములో అడ్డురానిది కోనసీమలో అడ్డొస్తోంది.

ఎస్సీ సర్టిఫికెట్ కోసం మతం దాచేవాళ్లున్నారు, నిజమే. దాన్ని నేను వెనకేసుకు రాను. కాకపోతే నిజం చెప్పినవాడికే నష్టం వచ్చేలా నిబంధన పెట్టిందెవరు?

క్రైస్తవంలో కులం లేదు కదా అంటారు. ఉంది. సంఘంలో దళితులపై వివక్ష ఉందని 2016లో భారత కతోలిక మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్యే ఒప్పుకుంది. పెళ్లి సంబంధం అనగానే మా వాళ్లు కూడా ముందు అడిగేది కులమే.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానించింది. అప్పటి ప్రభుత్వం వేరు, కానీ తీర్మానం సభది. ఈ హోదా విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం వేసిన జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు మీ ప్రభుత్వం ఏం చెప్పింది? అవునంటే ఢిల్లీకి రాసిన లేఖ బయటపెట్టండి. కాదంటే కారణం చెప్పండి. మా ఓటు సంగతి మేం చూసుకుంటాం.

ఇట్లు,
పాలకొల్లు ప్రాంత కతోలిక విశ్వాసి