తీగ వాద్యాల నాదం కోసం పాత సింథసైజర్

సంపాదకులకు నమస్కారం.

వయొలిన్ బృందం వంటి నాదం కోసం పాత సింథసైజర్ కొనదలచిన సంగీతాభిమానులు పేరును, ధరను చూసి కాక, ఆ నాదం ఎక్కడ పుడుతున్నదో గ్రహించి ఎంచుకోవాలని నా మనవి. 1974లో వచ్చిన సొలీనా స్ట్రింగ్ ఎన్‌సెంబుల్ అనే కీబోర్డు వాద్యంలో 49 మెట్లనూ ఒకేసారి నొక్కినా అన్నీ పలుకుతాయి. అయితే దాని మహిమంతా కోరస్ సర్క్యూట్‌దే. ఒకే ధ్వనిని దాన్ని కాస్త ఆలస్యం చేసే మూడు డిలే మార్గాల గుండా పంపి, ఒక నెమ్మది కంపనంతోను, ఒక వేగపు కంపనంతోను ఆ మార్గాలను నిరంతరం కదిలించడం వల్ల శ్రుతిలో కలిగే స్వల్ప భేదాలే పలువురు కలిసి కమాను లాగుతున్న అనుభూతినిస్తాయి. ఆ స్విచ్ ఆపితే మిగిలేది పలుచని ఆర్గన్ ధ్వని మాత్రమే.

అందుచేత కొనేముందు కోరస్ వేసి, తీసి వినాలి. ప్రతి మెట్టునూ విడిగా నొక్కి చూడటం మరీ ముఖ్యం. పై స్థాయి స్వరం నుంచి కింది స్థాయిల స్వరాలను పుట్టించే డివైడర్ చిప్ ఒకటి చెడితే ఆ స్వరం కింది స్థాయిలలో మూగబోతుంది.

ఇక మరో ఎంపిక, 1982 నాటి సింథసైజర్ రోలాండ్ జూనో-60. అది ఒకేసారి ఆరు స్వరాలే పలికించినా, ప్రతి స్వరానికీ ఫిల్టర్ (నాదపు పదునును మార్చేది), ఎన్వలప్ (నాదం ఎత్తుకునే, అణగే తీరును నిర్ణయించేది) విడివిడిగా ఉన్నందున నాదం ఎంత మెల్లగా ఎత్తుకోవాలో, ఎంత మెల్లగా అణగాలో వాద్యకారుడే మలచుకోవచ్చు. విలంబగతిలో సాగే సంగీతానికి నేను దీనికే మొగ్గు చూపుతాను.

ఇట్లు,
ఒక కీబోర్డు వాద్యకారుడు